వాలెట్టా: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో మాల్టా రాజధానిలో

యూరోపియన్ యూనియన్ రాజధానుల్లో మాల్టావాళ్ల వాలెట్టా అన్నిటికంటే చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరకి తీరిగ్గా నడిచినా అరగంట పట్టదు. అయితే మ్యాప్‌లో ఎత్తుపల్లాలు కనిపించవు. ఊరంతా గుట్ట మీద ఉంది, రెండు పక్కలా రేవుల్లోకి దిగే వీధులు చాలావరకు మెట్లే. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఏది చూడాలి, ఏది వదిలేయాలి అన్నది ఆ మెట్లను బట్టే తేల్చుకున్నాం.

బస విషయంలో చాలామంది రేవుకి అవతలున్న సిలేమా ఊరి వైపు వెళ్లమంటారు. అక్కడ కొత్త హోటళ్లు, లిఫ్టులు ఉంటాయి, ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో వాలెట్టా. కానీ ఆ ఫెర్రీ దింపే రేవు నుంచి ఊరి నడిబొడ్డుకి ఒకటే ఎక్కుడు. పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు సిటీ గేట్ దగ్గరి గదులకే. బస్టాండు గేటు బయట ట్రైటన్ ఫౌంటెన్ దగ్గరే, ఎయిర్‌పోర్ట్ బస్సూ అక్కడికే వస్తుంది. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చినవి ఎక్కువ కాబట్టి, బుక్ చేసేముందు లిఫ్ట్ ఏ అంతస్తు వరకు వెళ్తుందో అడగండి. మేం దిగిన చోట లిఫ్ట్ రెండో అంతస్తులో ఆగిపోయింది, మా గది మూడోదాంట్లో. గొడవ పెట్టుకుంటే మర్నాడు కింద గది ఇచ్చారు. కిటికీ తీస్తే ఎదురుగా గోడ!

డబ్బు పెట్టి చూడాల్సింది ఒక్కటే అంటే సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్. మేం వెళ్లినప్పుడు టికెట్ 15 యూరోలు, ఆడియో గైడ్ అందులోనే. బయట నుంచి చూస్తే కోటగోడలా బోసిగా ఉంటుంది, లోపల గోడలు బంగారు పూతతో నిండిపోయి ఉంటాయి. నేను మాత్రం కిందకే చూస్తూ నడిచాను. నేలంతా నైట్‌ల (ఒకప్పుడు మాల్టాను ఏలిన క్రైస్తవ యోధుల) సమాధులు, రంగురంగుల పాలరాతి పలకలు దాదాపు 400. ఒక్కో పలక మీద వంశచిహ్నాలు, పుర్రెలు, కొడవలి పట్టిన ఎముకల గూళ్లు. సన్న మడమల చెప్పులతో లోపలికి రానివ్వరు, ఆ రాయి పాడవుతుందని. పక్కనున్న ఆరేటరీలో (ప్రార్థన మందిరంలో) ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1608లో వేసిన 'సెయింట్ జాన్ శిరచ్ఛేదం' ఉంది. ఆయన సంతకం చేసిన ఏకైక చిత్రం ఇదే, ఆ సంతకం కూడా కారిన నెత్తురులోనే. అమ్మ కాసేపు చూసి "ఇంత ఘోరం గుళ్లో పెట్టుకున్నారేంట్రా" అంది. ఆదివారం పర్యాటకులకు ప్రవేశం లేదు, ప్లాన్ చేసుకునేటప్పుడు చూసుకోండి.

అప్పర్ బరాక్కా తోటకి టికెట్ లేదు. కింద వరసగా ఫిరంగులు, ఎదురుగా గ్రాండ్ హార్బర్, అవతల ఒడ్డున ఫోర్ట్ సెయింట్ ఏంజెలో. మధ్యాహ్నం పన్నెండుకీ నాలుగుకీ ఫిరంగి పేలుస్తారు. కాస్త ముందే వెళ్లి పిట్టగోడ పక్కన చోటు పట్టుకోండి. ఫిరంగుల దగ్గరికి వెళ్లడానికి వేరే టికెట్ ఉంది, పైనుంచి చూస్తే చాలు. ఈ తోట నుంచే 58 మీటర్ల లిఫ్ట్ రేవు వైపు దించుతుంది. రోడ్డు దాటితే త్రీ సిటీస్‌కి, అంటే అవతలి ఒడ్డునున్న మూడు పాత ఊళ్లకి, ఫెర్రీ. అమ్మకి ఈ ఊళ్లో అన్నిటికన్నా నచ్చింది ఆ లిఫ్టే.

1565 ముట్టడిలో ఒట్టోమన్ టర్కీ సేనను తట్టుకున్న ఊరు ఆ మూడింట్లో ఒకటైన బిర్గు. ఆ మరుసటేడు నైట్‌ల అధిపతి లా వాలెట్ ఇవతల కొత్త నగరానికి శంకుస్థాపన చేశాడు, ఊరికి ఆయన పేరే. బిర్గు సందుల్లో జనం తక్కువ, కూర్చుని కాఫీ తాగడానికి వాలెట్టా కంటే హాయి.

శాకాహారులు పాస్టిత్సీతో గట్టెక్కవచ్చు: పొరలు పొరలుగా రాలే పఫ్, లోపల రికోటా జున్నో బఠాణీ ముద్దో. బఠాణీదైతే మన బేకరీ కర్రీ పఫ్‌కి దగ్గర చుట్టం. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే నూనె వాసన.

ఫోర్ట్ సెయింట్ ఎల్మో ఊరి చివరన ఉంది, లోపల యుద్ధ మ్యూజియం. వెళ్లేటప్పుడు దిగుడే కాబట్టి తెలియదు, తిరిగి రావడమే కష్టం. నేనొక్కణ్ణే వెళ్లొచ్చాను. యుద్ధచరిత్ర మీద మోజు లేకపోతే ఆ పూట బస్సెక్కి మాల్టా పాత రాజధాని ఎమ్‌డీనాకి (Mdina) వెళ్లడం మేలు.