బాల్ మౌంట్ మీద కిలో బరువు నావిగేషన్ ట్యాబ్: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

బైక్ హ్యాండిల్ మీద ఫోన్ పట్టుకోవడానికి బాల్ మౌంట్‌ని (రెండు కొసలా గుండ్లని పట్టుకుని, నాబ్‌తో బిగిసే చేయి) మించింది లేదు. అదే మౌంట్ మీద 8 అంగుళాల రగ్గడ్ (దెబ్బలకి తట్టుకునే) ట్యాబ్ పెడితే మాత్రం ఎంత బిగించినా తల వాల్చేస్తుంది. ట్యాబ్, దాని కేసు కలిపి 700 గ్రాములు. వెనక తగిలించే డాక్, కేబుల్ మరో 250. ఈ బరువుతో ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ స్క్రీన్ పిసరంత కిందికి దిగుతుంది. అరకు చేరేసరికి అది ట్యాంకు వైపు చూస్తూ ఉంటుంది. ఆపడం, నాబ్ వదులు చేయడం, పైకెత్తడం, బిగించడం, మళ్ళీ పది కిలోమీటర్లకి అదే పని. ఈ సమీక్ష అంతా ఆ తల వాలడం గురించే.

ఫోన్ ఉండగా ఇంత బరువు ఎందుకంటే, పాడేరు దాటి చింతపల్లి, సీలేరు వైపు వెళ్తే చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే దించుకుని, కొండ ఎత్తుపల్లాల గీతలతో సహా చూసుకోవాలి. చేతికి గ్లవ్స్, ఎదురెండ, చిన్న స్క్రీన్ మీద రెండు వేళ్ళతో జూమ్ చేయడం ఈ మూడూ కలిస్తే ఫోన్ పనికిరాదు. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, హ్యాండిల్‌బార్ పైపు 22 మి.మీ. మీ బండి పైపు ఎంతో వెర్నియర్ పెట్టి కొలిచాకే క్లాంపులు కొనండి. లావు హ్యాండిల్‌బార్లు బిగించే చోట 28.6 మి.మీ. ఉంటాయి, వాటికి 22 క్లాంపు ఎక్కదు. 28.6 క్లాంపు కొని లోపల రబ్బరు చుట్టి 22 పైపుకి సరిపెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. రబ్బరు నలిగిన కొద్దీ క్లాంపు తిరుగుతూనే ఉంటుంది.

తల వాలడం చికాకు మాత్రమే, ప్రమాదం దాని వెనకాల వస్తుంది. తొమ్మిదో నెలలో చింతపల్లి, లంబసింగి మధ్య కింది గుండు మెడ దగ్గర పుటుక్కున విరిగింది. సేఫ్టీ వైరు ఉండబట్టి ట్యాబ్ ముందు చక్రం కిందికి పోకుండా క్లచ్ కేబుల్ పక్కన వేలాడింది. విరిగిన ముక్కని కడిగి ఎండలో పెట్టి చూస్తే సంగతంతా దాని మీదే కనిపించింది. మెడ కింది అంచులో, గుండు పీటకి కలిసే మూల దగ్గర, ఒక చిన్న మచ్చ. అక్కణ్ణుంచి లోపలికి నున్నగా, అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటి గీతలు, మెడలో సుమారు మూడొంతుల మేర. మిగిలిన ఒక వంతు మాత్రం పంచదార పలుకుల్లా గరుకుగా ఉంది. నున్నటి భాగం నెలల తరబడి కొద్ది కొద్దిగా పాకిన పగులు. గరుకు భాగం ఆ రోజు ఒక్క దెబ్బకి తెగింది. అంటే ఆ గోతిలో పడటం వల్ల విరిగిందనుకోవడం తప్పు. అప్పటికే మెడలో పావు వంతు మాత్రమే పని చేస్తోంది.

ఇది ఎందుకు జరుగుతుందో లెక్క వేస్తే తేలిపోతుంది. గుండు నుంచి ట్యాబ్ మధ్యకి 15 సెం.మీ. దూరం, బరువు 950 గ్రాములు. బండి ఆగి ఉన్నప్పుడే మెడ మీద దాదాపు 1.4 న్యూటన్ మీటర్ల వంపు పడుతుంది. గోతిలో పడి ఐదింతల కుదుపు వస్తే అది 7 అవుతుంది. పైన ఇంజన్ వణుకు సరేసరి. 4,500 ఆర్‌పీఎం అంటే సెకనుకి 75 చుట్లు, గంటకి 2,70,000. సింగిల్ సిలిండర్ ఇంజన్ ప్రతి చుట్టుకీ ఒక ఊపు ఊపుతుంది. ఇనుముకి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు ఊపినా తట్టుకుంటుంది. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. తక్కువ బరువైనా సరే, సార్లు పెరిగే కొద్దీ ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. పోత పోసిన అల్యూమినియం మెడ, మూలలో గుండ్రం తిప్పకుండా వదిలేసిన అంచు, పైన విశాఖ బీచ్ రోడ్డు ఉప్పు గాలి. ఈ మూడూ ఒకే చోట కలిశాయి.

ఇక తల వాలడానికి కారణం వేరు. గుండు మీది రబ్బరు పూత ఒత్తిడిలో శాశ్వతంగా నలుగుతుంది, మే నెల ఎండలో ఇంకా త్వరగా. నలిగిన చోట నాబ్ ఎంత తిప్పినా పట్టు పెరగదు. 1 అంగుళం గుండు బదులు 1.5 అంగుళం గుండు వేస్తే పట్టు కచ్చితంగా పెరుగుతుంది, రాపిడి జరిగే చోటు మధ్య నుంచి దూరంగా ఉంటుంది కాబట్టి. అది కూడా నాలుగు నెలలు పెట్టి చూశాను. వాలడం సగానికి తగ్గింది, పోలేదు. చేయి పొడుగు తగ్గించడమే అసలు మందు. పొడుగు రెట్టింపైతే వంపు రెట్టింపవుతుంది, కానీ చేయి బిగుతనం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే పొడుగు చేయి మీద స్క్రీన్ అంతగా వణుకుతుంది.

అసలు సంతోషం ఇచ్చింది బాల్ మౌంట్ బదులు వేసిన, మూడో కాలు ఉన్న ప్లేటు. గాజువాక ఆటోనగర్‌లో కోయించాను. 3 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు, 12 × 8 సెం.మీ., చూపుకి తగ్గట్టు 30 డిగ్రీల వంపు. వంపు దగ్గర ఒక్క సంగతి పట్టుబట్టండి: లోపలి గుండ్రం కనీసం రేకు మందం అంత, అంటే 3 మి.మీ., ఉండాలి. మూల పదునుగా మడిస్తే గుండు మెడకి పట్టిన గతే దీనికీ పడుతుంది. ప్లేటు హ్యాండిల్‌బార్ మీద రెండు స్ప్లిట్ క్లాంపులతో నిలబడుతుంది, వాటి మధ్య 10 సెం.మీ. ఎడం. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ రెండు క్లాంపులూ ఒకే పైపు మీద ఉన్నాయి. ఎన్ని క్లాంపులు వేసినా అవన్నీ ఆ పైపు చుట్టూ తిరగగలవు, తల వాలే దిక్కు కూడా అదే. పైపుకి దూరంగా ఒక ఆధారం ఉంటేనే వాలడం ఆగుతుంది. అందుకే ప్లేటు కింది అంచులో ఒక ఎం6 నట్ వెల్డింగ్ చేయించి, అందులోంచి 40 మి.మీ. బోల్టు కిందికి దించాలి. బోల్టు చివర రబ్బరు టోపీ. అది హ్యాండిల్‌బార్ కింద, ముందు ఫోర్కు గొట్టాల్ని పట్టి ఉంచే పై యోక్ మీద ఆనుతుంది. రెండు క్లాంపుల తర్వాత ఇదే మూడో కాలు. పై నుంచి లాక్ నట్. అంతే. యోక్‌కి రంధ్రం లేదు, హ్యాండిల్‌బార్ బిగించే బోల్టుల జోలికి పోలేదు.

ఆ బోల్టుల మాట ఎందుకంటే, వాటి స్థానంలో పొడుగు బోల్టు వేసి మౌంట్ పీటని దాని మీదే కూర్చోబెట్టే కిట్లు దొరుకుతాయి. వాటిని వాడేవాళ్ళు బోల్టు తల మీద ఉన్న అంకె చూడాలి. బండికి వచ్చిన బోల్టు మీద 8.8 ఉండి, కిట్‌లోని స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఏ2-70 ఉంటే కొత్తది బలం తక్కువది. మెరుపు చూసి మోసపోవద్దు. అల్యూమినియంలోకి ఎం8 బోల్టు కనీసం 12 మి.మీ. లోతుకి దిగాలి. అంతకంటే తక్కువైతే మర ఊడి వచ్చేస్తుంది, హ్యాండిల్‌బార్ చేతిలోకి వస్తుంది.

కాలు బిగించే వరస ఇది. ముందు క్లాంపులు సగం బిగించి ట్యాబ్‌ని కావాల్సిన కోణం కంటే కొంచెం పైకి పెట్టాలి. బోల్టుని యోక్‌కి తగిలేదాకా దించి, అక్కణ్ణుంచి అర చుట్టు ఎక్కువ తిప్పాలి. తర్వాత క్లాంపులు పూర్తిగా బిగించి, లాక్ నట్ వేయాలి. హ్యాండిల్ కుడి చివరికి, ఎడమ చివరికి తిప్పి చూడండి. విండ్‌స్క్రీన్‌కి, ట్యాంకుకి తగలకూడదు, క్లచ్ కేబుల్, బ్రేక్ హోస్ లాగబడకూడదు. తాళం చెవి తిప్పే చోటు మూసుకుపోకూడదు, దీన్ని మర్చిపోయి ప్లేటు మళ్ళీ కోయించాల్సి వచ్చింది.

డాక్ వెనక ఉండే నాలుగు రంధ్రాలు సాధారణంగా 30 × 38 మి.మీ. కొలతలో ఉంటాయి, ఎం4 స్క్రూలు పడతాయి. ప్లేటు మీద అదే కొలత వేయించుకుంటే ఆ కొలత ఉన్న ఏ డాక్ అయినా మార్చుకోవచ్చు. డాక్ పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ అయితే దాని దగ్గర నీలం థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా వేసే జిగురు) వాడకండి. ఆ ద్రవం ప్లాస్టిక్‌కి అంటితే కొన్ని రోజుల్లో సన్నటి పగుళ్ళు తెస్తుంది. లోహం లోహంతో కలిసే చోట, అంటే క్లాంపు బోల్టులకి, అది మంచిదే. ప్లాస్టిక్ ఉన్న చోట నైలాక్ నట్ (లోపల నైలాన్ ఉంగరం ఉన్న నట్) చాలు. ఒకసారి విప్పిన నైలాక్ చేత్తో తిరుగుతోందంటే దాన్ని పారేయండి.

ఇక్కడ ఇదివరకు నేను అంటూ వచ్చిన మాట ఒకటి సవరించుకోవాలి. డాక్‌కీ ప్లేటుకీ మధ్య రబ్బరు గ్రోమెట్లు (బోల్టు చుట్టూ వేసే రబ్బరు ఉంగరాలు) వేస్తే వణుకు మాయమవుతుందని అడిగినవాళ్ళందరికీ చెప్పాను. హైవే మీద అది నిజం. కానీ రబ్బరు తన సొంత ఊపు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా వచ్చే వణుకునే అడ్డుకుంటుంది. దానికంటే నెమ్మదైన వణుకుని అడ్డుకోదు, సరిగ్గా సొంత ఊపు దగ్గరకి వచ్చేసరికి ఇంకా పెంచుతుంది. అందుకే మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు స్క్రీన్ మీద వీధి పేర్లు చదవలేం, కదిలి వేగం అందుకోగానే స్థిరపడుతుంది. మరీ మెత్తటి గ్రోమెట్లు తీసి గట్టివి వేశాక ఐడిల్ బాగుపడింది, హైవేలో కొంచెం వణుకు తిరిగి వచ్చింది. రెండూ కావాలంటే కుదరదు. ఒక్క జాగ్రత్త: గ్రోమెట్ 8 మి.మీ. ఎత్తయితే లోపల 7 మి.మీ. ఇనుప స్లీవ్ పెట్టండి. బోల్టు స్లీవ్ మీద బిగుస్తుంది, రబ్బరు 1 మి.మీ. మాత్రమే నలుగుతుంది. స్లీవ్ లేకుండా బిగిస్తే రబ్బరు పూర్తిగా చచ్చిపోయి గట్టి వాషర్‌లా మారుతుంది.

స్టెయిన్‌లెస్‌కి తుప్పు భయం లేదనే మాట కూడా కొంత తగ్గించాలి. రుషికొండ, భీమిలి రోడ్డు మీద వారానికి రెండు మూడు సార్లు తిరిగే బండికి 304 రకం మీద ఏడాదిలోపే టీ మరకల్లాంటి చుక్కలు వచ్చాయి. బలం తగ్గలేదు, చూడ్డానికే బాగోదు. 316 రకం ఉప్పుకి ఇంకా బాగా నిలబడుతుంది, బోల్టు తల మీద ఏ4 అని ఉంటుంది. అయస్కాంతం పెట్టి రెండింటి తేడా కనుక్కోవాలని చూడకండి, తెలియదు. ఇంకా ముఖ్యమైంది, క్లాంపు అల్యూమినియం, బోల్టు స్టెయిన్‌లెస్ అయిన చోట తెల్లటి పొడి పట్టి బోల్టు ఇరుక్కుపోతుంది. థ్రెడ్ లాకర్ మర నిండా పడితే ఉప్పు నీళ్ళు లోపలికి పోవు, అది వేయని చోట యాంటీ సీజ్ గ్రీజు రాయాలి. బీచ్ రోడ్డు నుంచి వచ్చాక మంచినీళ్ళు పోసి కడగడం దేనికీ బదులు కాదు, అయినా చేయాలి. డాక్ మీటలోని స్ప్రింగ్ తుప్పు పట్టిపోయింది ఈ కడగడం మానేసిన రెండు నెలల్లోనే. ఒక్క చేత్తో తీసి పెట్టొచ్చని ఆ డాక్‌ని మొదట్లో తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు తీయడానికి రెండు చేతులూ కావాలి.

కరెంటు సంగతి త్వరగా చెప్తాను. ట్యాబ్ 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు లాగితే 15 వాట్లు, బ్యాటరీ వైపు నుంచి ఒకటిన్నర ఆంపియర్ లోపే. కాబట్టి బ్యాటరీ పక్కనే 3 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది, సన్నటి వైరుకి 10 వేస్తే వైరు కాలాక గానీ ఫ్యూజ్ పోకపోవచ్చు. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) వేసి బండి తాళంతో పాటు ఆగేలా చేయండి. యూఎస్‌బీ-సీ పిన్ను నేరుగా గుచ్చి వదిలేస్తే ఆ పిన్నే ఒక చిన్న మీటలా ఊగుతూ పోర్టుని వదులు చేస్తుంది. వంగిన పిన్ను పెట్టి, కేబుల్‌ని పిన్ను నుంచి 3 సెం.మీ. దూరంలో ప్లేటుకే కట్టండి, అప్పుడు రెండూ కలిసే ఊగుతాయి.

సేఫ్టీ వైరు 2 మి.మీ. స్టీలుది, రెండు చివరలా క్రింపు. పొడుగు ఎంతంటే, ట్యాబ్ ఊడి పడినా ట్యాంకు ముందు భాగం దాటి కిందికి దిగకూడదు. బోల్టు తలకీ ప్లేటుకీ కలిపి గోళ్ళ రంగుతో ఒక గీత గీయండి. గీత రెండు ముక్కలుగా కనిపించిందంటే బోల్టు తిరిగినట్టే, ముట్టుకోకుండానే తెలుస్తుంది.

మూడో కాలు వేశాక ఐదు నెలలైంది. అనంతగిరి ఘాట్ మీద ఒక్కసారి కూడా స్క్రీన్ సర్దాల్సిన పని రాలేదు. ఇది అందరికీ చెప్పే మాట కాదు. ప్లేటు ఉక్కుది కాబట్టి మొత్తం బరువు కిలో దాటింది, హ్యాండిల్ కొంచెం భారంగా తిరుగుతుంది, ట్రాఫిక్‌లో తెలుస్తుంది. యోక్ మీద చదునైన చోటు లేని బండికి కాలు ఆనదు. ఏజెన్సీ వైపు వెళ్ళకుండా ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి ఫోన్, పొట్టి చేయి బాల్ మౌంట్ చాలు. నెలకి రెండు సార్లు కొండెక్కి, ఉన్న ట్యాబ్‌ని వదులుకోలేని వాళ్ళయితే నేను ఇదే చేయించుకోమంటాను. ఒక్క సందేహం మాత్రం ఇంకా మిగిలే ఉంది: బోల్టు చివర రబ్బరు టోపీ అరిగిపోతోంది, ఇప్పటికే రెండోది వేశాను, యోక్ మీది నల్ల రంగు అక్కడ గుండ్రంగా పోయింది.