‘అన్నిచోట్లా చట్టబద్ధం’ అంటూ అమ్ముతున్న కోళ్ల గూడు, బోను కిట్టు: కొనబోయేవారు జాగ్రత్త

పెరటి కోళ్ల కోసం ‘ఏ జంతువూ చొరబడలేని గూడు’ అన్న ప్రకటన చూసి మూడు నెలల క్రితం ఆన్‌లైన్‌లో ఒక కిట్టు కొన్నాను. విడిభాగాలుగా వచ్చిన గూటితో పాటు అందులో ఒక ఇనుప బోను, రెండు తీగ ఉచ్చులు, జంతువులను బెదరగొట్టడానికని రాత్రిపూట ఎర్రగా మినుకుమనే ఒక చిన్న దీపం ఉన్నాయి. పెట్టె మీద, అమ్మకపు పేజీలో కూడా ‘అన్ని దేశాల్లోనూ చట్టబద్ధంగా వాడవచ్చు’ అని స్పష్టంగా రాసి ఉంది. మొదటి మాట వల్ల ఏడు కోళ్లలో నాలుగు పోయాయి. రెండో మాటను కూడా నమ్మి ఉంటే కోళ్లతో పాటు కేసు కూడా తగులుకునేది.

గూడు నిలబెట్టిన పదకొండో రాత్రి ఆ నష్టం జరిగింది. తెల్లవారి చూస్తే కింది మూలలో జాలీ ఒక జానెడు మేర చట్రం నుంచి ఊడి లోపలికి వంగి ఉంది, రెండు కోళ్లు జాలీని ఆనుకునే తలలు లేకుండా పడి ఉన్నాయి, మరో రెండింటి ఈకలు తప్ప ఏమీ మిగలలేదు. వచ్చింది ఏ జంతువో నేను చూడలేదు. ఎర్ర దీపం మాత్రం అప్పటికీ నిష్ఠగా మినుకుమంటూనే ఉంది.

ఆ జాలీని అప్పుడు గాని నేను సరిగా పరిశీలించలేదు. అది ఆరు మూలల కళ్లతో అల్లిన మామూలు కోడి జాలీ. కోళ్లు బయటికి పోకుండా ఆపడానికి అది చాలుతుంది గాని, బయటి నుంచి పళ్లతో, గోళ్లతో లాగే జంతువును ఆపడానికి చాలదు. నా జాలీ తీగ 20 గేజి, అంటే మిల్లీమీటరు మందం కూడా లేదు. కన్ను 25 మిల్లీమీటర్లు. గేజి అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందన్న సంగతి తెలియక, 16 కంటే 20 మేలనుకుని మోసపోయేవారు ఎందరో ఉంటారు. వారిలో నేనూ ఒకణ్ణి. ముంగిస జాతి, వీజిల్ జాతి (ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండే వేట జంతువులు) చిన్న జంతువులను ఆపాలంటే 12 లేదా 13 మిల్లీమీటర్ల కన్ను ఉన్న వెల్డ్ మెష్, అంటే తీగలను అడ్డంగా, నిలువుగా పెట్టి వెల్డింగుతో అతికిన గట్టి జాలీ కావాలి. అందులోనూ వెల్డింగు పూర్తయ్యాక జింకు పూత వేసిన రకమే అతుకుల దగ్గర త్వరగా తుప్పు పట్టకుండా ఉంటుంది. పైగా నా గూటికి ఆ జాలీని బిగించింది స్టేపుల్ పిన్నులతో. గట్టి జాలీ వేసినా పిన్నులు ఊడితే ఫలితం ఒక్కటే కనుక, వెడల్పు వాషర్లు పెట్టి మరమేకులతో బిగించారో లేదో ఫోటోను పెద్దది చేసి చూడండి. తలుపుకు ఒక్క కొక్కెమే ఉంటే అది కూడా లోపమే. రాకూన్లు (ముందు కాళ్లను చేతుల్లా వాడే అమెరికా జంతువులు) ఉండే ప్రాంతాల్లో అవి అటువంటి కొక్కేలను చేత్తో తీసినట్టే తీస్తాయి.

కోపంలో ఆ సాయంత్రమే బోను పెట్టబోయాను. ఎందుకైనా మంచిదని వన్యప్రాణి విభాగం కార్యాలయానికి ఫోను చేస్తే, అనుమతి లేకుండా బోను పెడితే, అందులో ఏ జంతువూ పడకపోయినా, మా ప్రాంతంలో అది నేరమేనని అక్కడి ఉద్యోగి ఓపికగా వివరించారు. ఆ తరువాత చదివే కొద్దీ పెట్టె మీది మాట ఎంత బాధ్యతారహితమో అర్థమైంది. భారతదేశపు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అంటే చంపడం మాత్రమే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, చివరికి వాటికి ప్రయత్నించడం కూడా వేటే. బ్రిటన్‌లోనైతే తీగ ఉచ్చులను వేల్స్ 2023లో, స్కాట్లాండ్ 2024లో పూర్తిగా నిషేధించాయి. అప్పటికి ఇంగ్లండ్‌లో మాత్రం పరిమితులతో వాటికి అనుమతి కొనసాగుతూ ఉంది. ఒకే దీవిలో సరిహద్దు గీత దాటితే చట్టం మారిపోతుంటే ‘అన్ని దేశాల్లోనూ’ అన్న మాట ఎలా నిజమవుతుంది? కాలిని పట్టేసే ఇనుప కోరల ఉచ్చుల వాడకాన్ని ఐరోపా సమాఖ్య 1991 నాటి నిబంధనతో, 1995 నుంచి అమలయ్యేలా నిషేధించింది. గద్దలు, డేగలు, గుడ్లగూబలు అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం కిందికి వస్తాయి కనుక, కళ్లముందే కోడిపిల్లను తన్నుకుపోయినా వాటికి హాని తలపెట్టడానికి వీల్లేదు. పట్టిన జంతువును దూరంగా తీసుకుపోయి వదిలేస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే చాలాచోట్ల ఆ వదలడానికి కూడా అనుమతి కావాలి.

ఇవన్నీ రాసి అమ్మకందారును డబ్బు వాపసు అడిగాను. గూడు బిగించేశాను కనుక వాపసు కుదరదని మొదటి జవాబు వచ్చింది. బోను, ఉచ్చుల సంగతి ఏమిటని మళ్లీ అడిగితే, స్థానిక చట్టాలను తెలుసుకోవలసిన బాధ్యత కొనుగోలుదారుదేనని షరతుల్లో ఉందన్నారు. నిజమే, పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది. పైన పెద్ద అక్షరాల్లో ఒక మాట, కింద చిన్న అక్షరాల్లో దానికి పూర్తిగా విరుద్ధమైన మాట. అందువల్ల ఇటువంటివి కొనేముందు తీగ మందం, కన్ను కొలత మిల్లీమీటర్లలో ఎంతో, తమ ప్రాంతంలో బోను వాడకానికి ఏ అనుమతి కావాలో అమ్మకందారు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలని, అనుమతి గురించి చెప్పిన జవాబును స్థానిక వన్యప్రాణి కార్యాలయంలో సరిచూసుకోవాలని నా మనవి. పేజీని తేదీతో సహా ఫోటో తీసి ఉంచుకోండి. నేను ఆ పని చేయడం వల్లనే వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేయగలిగాను.

మిగిలిన మూడు కోళ్ల కోసం పాత చట్రానికే వెల్డ్ మెష్ బిగించాను. తవ్వి లోపలికి రాకుండా అదే జాలీని గూటి చుట్టూ నేల మీద అరమీటరు వెడల్పున పరిచి, అంచులను చట్రానికి కలిపి కట్టి, పైన మట్టి కప్పాను. జంతువులు సాధారణంగా గోడ మొదట్లోనే తవ్వుతాయి కనుక ఇలా పరిచిన జాలీ వాటిని అక్కడే ఆపుతుంది. కోళ్లు తిరిగే జాగా మీద వల కప్పాను, తలుపుకు గడియతో పాటు స్ప్రింగు కొక్కెం తగిలించాను. వీటిలో దేనికీ మా ప్రాంతంలో ఎవరి అనుమతీ అక్కరలేదు. తరువాత రెండుసార్లు జాలీ వెలుపల మట్టి గీరిన గుర్తులు కనిపించాయి గాని, లోపల మూడు కోళ్లూ క్షేమంగానే ఉన్నాయి. బోను, ఉచ్చులు ఫిర్యాదు తేలేదాకా సాక్ష్యంగా పెట్టెలోనే ఉన్నాయి. అమ్మకపు పేజీలో గూటి ఫోటో మార్చారు; ‘అన్ని దేశాల్లోనూ చట్టబద్ధం’ అన్న వాక్యం మాత్రం నిన్న రాత్రి చూసినప్పుడు కూడా అలాగే ఉంది.