పెద్దవాళ్లకు నీతి తరగతి: ప్రవచనమా, చర్చా? ఏది మేలు?

నిజాయితీగా బతకడం గురించి ఊళ్లో సాయంత్రం తరగతి పెట్టాలంటే రెండు దారులు. బాగా మాట్లాడే పెద్దమనిషిని పిలిచి చెప్పించడం ఒకటి. చిక్కు సమస్యను మధ్యలో పెట్టి అందరిచేతా మాట్లాడించడం రెండోది.

ప్రవచనానికి శ్రమ తక్కువ. మైకు, నాలుగు పట్టాలు ఉంటే 200 మందికి చెప్పొచ్చు. విన్న పద్యం నోట నిలిచి అవసరానికి గుర్తొస్తుంది, దీన్ని తీసిపారేయకూడదు. కానీ 'మోసం చేయకు' అంటే తల ఊపనివారెవరు? తెల్లారి పాలలో పోసే చెంబుడు నీళ్ల సంగతి ఆ తల ఊపడంలోకి రాదు.

చర్చకు 12 నుంచి 15 మంది చాలు. 20 దాటితే వెనక వరుస తయారవుతుంది, ఆ వరుస నోరు విప్పదు. నడిపేవారూ అందరితోపాటు చాప మీదే కూర్చోవాలి. గంటకు ఒకే సమస్య: చెప్పడానికి 10 నిమిషాలు, ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవడానికి 10, అందరూ కలిసి అరగంట, ఈ వారం ఎవరేం చేసి చూస్తారో చెప్పడానికి చివరి 10. ఇద్దరిద్దరి మాటలు మానేయొద్దు. గుంపులో మాట్లాడని కోడలు పక్కనున్నామెతో మాట్లాడుతుంది.

పాల సమస్యనే తీసుకోండి. మూడు పొడవాటి గాజు గ్లాసులు పెట్టండి. మొదటిదాంట్లో మంచి పాలు, రెండోదాంట్లో నీళ్లు కలిపినవి పోసి లాక్టోమీటరు (పాలలో నీళ్లు కలిశాయేమో చూసే, గీతలున్న గాజు పరికరం) వదలండి. రెండోదాంట్లో ఎక్కువ మునుగుతుంది. మూడోదాంట్లో మీగడ తీసిన పాలు పోస్తే అది పైకి తేలుతుంది. అందులో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ పోండి, ఒక దశలో మంచి పాలలో నిలిచిన గీత దగ్గరికే వస్తుంది. మూడు గ్లాసులూ ఒకే వేడిలో ఉండాలి, లేకుంటే గీతలు తప్పుతాయి. అప్పుడు అడగండి: పరికరానికి దొరకని మోసం మోసం కాదా? పాలు కొనే కేంద్రంలో కొలత తగ్గిస్తుంటే రైతు నీళ్లు కలపడం తప్పా? రెండో ప్రశ్నకు గది రెండుగా చీలుతుంది. తరగతి అసలు అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి చర్చ ఎంత దూరం పోగలదో నెల్లూరు జిల్లా దూబగుంటలో చూశాం. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో సారా వల్ల చితికిన కుటుంబం పాఠం చదివిన ఆడవాళ్లు తమ ఊరి సారా కొట్టు దగ్గరికి నడిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది.

చర్చ చెడిపోయే దారులూ ఉన్నాయి. ఫలానా కొట్టువాడు అని పేరు ఎత్తగానే తరగతి పంచాయితీ అయిపోతుంది. కాబట్టి సమస్యను పక్క ఊరిదిగా, కల్పిత పేర్లతో చెప్పాలి. మోతుబరి ముందు మాట్లాడితే మిగతావాళ్లు ఆయన మాటకే వంతపాడతారు, అందుకే ఆయన్ను చివర అడగాలి. నడిపేవారు చివర్లో 'సరైన జవాబు' చెప్పేస్తే వచ్చే వారం జనం దానికోసమే కాచుకుంటారు. చోటు ఇంకా ముఖ్యం. గుడి అరుగు మీదో, పెద్దింటి వసారాలోనో పెడితే అక్కడ అడుగుపెట్టలేనివాళ్లు రారు. వాళ్లు లేని నీతి తరగతి మొదటిరోజే తప్పు చేసినట్టు. బడిగదో, అంగన్‌వాడీయో మేలు.

జనాన్ని కూడగట్టడానికి మొదటిరోజు ఒక ప్రవచనం పెట్టండి, మంచిదే. తర్వాత ఎనిమిది వారాలూ చర్చే నడపండి. ప్రతి వారం మొదటి ప్రశ్న ఒకటే: "పోయిన వారం చేస్తామన్నది ఏమైంది?" చేయలేకపోయినవాళ్లను ముందు మాట్లాడనివ్వండి.