పిల్లర్ల ఇల్లా, గోడల మీద స్లాబా?

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. వరంగల్‌లోనూ జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. గోదావరి లోయ కింద పాత భ్రంశాలు (నేల లోపలి రాళ్లలో పగుళ్లు) ఉన్నాయి, 1969లో భద్రాచలం దగ్గర ఇంతకంటే పెద్దదే వచ్చింది. అందుకే ఇల్లు కట్టేవాళ్లకు ఇప్పుడు ఈ టెన్షన్.

ఖర్చు: గోడల ఇంటికి తక్కువ. పిల్లర్లకు స్టీలు, సెంట్రింగ్ కలిసి బాగా పెరుగుతుంది.
పని: గోడలకు మంచి మేస్త్రి చాలు. పిల్లర్లకు ఇంజినీరు డ్రాయింగ్ తప్పనిసరి.

రిస్క్ దగ్గరే అసలు సంగతి. పిల్లర్లు ఉన్నంత మాత్రాన ఇల్లు భద్రం కాదు. నిలువు కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగు కొనలు 135 డిగ్రీలు వంగి పిల్లర్ లోపలికి పోవాలి. చాలాచోట్ల 90 దగ్గరే ఆపేస్తారు. గట్టిగా ఊగితే ఆ రింగు విప్పుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. కాంక్రీటు పోయకముందే మీరే వెళ్లి చూడండి. కింద మొత్తం పార్కింగ్‌కు ఖాళీగా వదిలితే ప్రమాదం ఇంకా ఎక్కువ. 2001 భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో అలాంటి అపార్ట్‌మెంట్లు కూలాయి.

గోడల ఇంటికి మందు చౌక. ప్లింత్ (పునాది పైన గోడ మొదలయ్యే చోటు) దగ్గర, లింటెల్ (తలుపులు, కిటికీల పై అంచు) ఎత్తులో ఇంటి చుట్టూ ఎక్కడా తెగని కాంక్రీటు బెల్టు వేయించాలి. కిటికీల మీద మాత్రమే ముక్కలుగా వేస్తే లాభం లేదు. కిటికీని గోడ మూలకు ఆనించొద్దు.

ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లో ఒక్క అంతస్తే అయితే బెల్టులతో గోడల ఇల్లు కట్టండి. హనుమకొండలో అద్దెల కోసం పైన ఇంకో రెండు అంతస్తులు వేసే ఆలోచన ఉంటే పిల్లర్లే మేలు. నల్లరేగడి నేలలో మాత్రం ఏ ఇల్లయినా పునాది ఇంజినీరు చెప్పినట్టే వేయించండి.