ఆదాబా, శనార్థా?

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరిట పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. పట్టణానికి కొంత దర్బారు మర్యాదా అబ్బింది. ఉర్దూ పలకరింపైన ఆదాబ్ చెప్పేవారు తల కాస్త వంచి, కుడి అరచేతిని నుదుటి దాకా ఎత్తుతారు. చూడముచ్చటే, కానీ ఇద్దరి మధ్య గజం దూరం అలాగే ఉంటుంది.

ఊళ్లో దండం పెడుతూ పలికే శనార్థి వేరు. ‘శరణార్థి’ నుంచి వచ్చిన మాట అంటారు. చేతులు జోడించేలోపే వరుస కలుస్తుంది: మామా, అక్కా, బావా. వెంటనే చెంబుతో నీళ్లు, ఆపైన అన్నం. వద్దంటే అలుగుతారు. ఆఖరి బస్సు తప్పినా సరే, నా ఓటు ఈ మొండి మర్యాదకే. దొరల కోటల్లాంటి ఇళ్లు, ఆ గడీల ముందు ‘బాంచన్ (నీ బానిసను) దొరా’ అనిపించిన వంగుడును మాత్రం ఈ పోలికలోకి రానివ్వను, అది భయం.