మాక్యులా జబ్బుకి లేజరా, కంట్లో సూదా? ఏది మేలు?

కందుకూరులో మా నాయనకి కుడికంటి చూపు నడిమధ్య మసకబారినప్పుడు, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట: లేజర్ చేయించండి, ఐదు నిమిషాల్లో చూపొచ్చేస్తుంది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు గానీ అది వేరే లేజర్. శుక్లం ఆపరేషనయ్యాక కొన్నాళ్లకి లెన్సు వెనక పొర మందమైతే దాన్ని లేజర్‌తో తెరుస్తారు, చూపు నిజంగానే తేటపడుతుంది. షుగర్ వాళ్లకి కంటి వెనక తెర, అంటే రెటీనాకి చేసేది ఇంకొకటి, అది ఉన్న చూపు పోకుండా కాపాడటానికి. మాక్యులా అంటే రెటీనా నడిమధ్య, మనుషుల మొహాలూ అక్షరాలూ పోల్చుకునే చోటు. అది దెబ్బతింటే లెక్క వేరు.

వయసుతో వచ్చే ఈ మాక్యులా జబ్బు ముందు పొడి రకమో తడి రకమో తేలాలి. రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ తీస్తే తెలుస్తుంది. పొడి రకంలో పోయిన చూపుని తెచ్చే లేజర్ లేదు, ఎవరైనా తెస్తామంటే డబ్బు కట్టకముందే ఇంకో రెటీనా డాక్టర్ని అడగండి. జబ్బు మధ్యస్థాయికి వచ్చినవాళ్లకి ల్యూటిన్, జింక్, సి, ఇ విటమిన్లు కలిసిన బిళ్లలు అది ముదరడాన్ని కొంత తగ్గిస్తాయి. చుట్టా సిగరెట్టూ మానాలి. పొగాకు పండించే మా వైపు ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పక తప్పదు.

అసలు పోటీ తడి రకంలోనే. అక్కడ రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారుతుంటాయి. పాత వేడి లేజర్ వాటిని కాలుస్తుంది, వాటితో పాటు పైనున్న రెటీనానీ కాలుస్తుంది, కాలినచోట శాశ్వతంగా నల్లమచ్చ మిగులుతుంది, పైగా కారడం మళ్లీ మొదలవ్వొచ్చు. అందుకే మధ్యభాగానికి దూరంగా ఉన్నవాటికి తప్ప ఇప్పుడు దాన్ని పెద్దగా వాడరు. 2000లో వచ్చిన చల్లని లేజర్ కాస్త మెరుగు: చేతి నరంలోకి వెర్టిపోర్ఫిన్ మందు ఎక్కించి, 83 సెకన్లు కంట్లోకి కాంతి వేస్తారు. తర్వాత ఐదురోజులు ఎండ తగలకూడదు, మన రోహిణి కార్తెలో అదొక పరీక్ష. అదైనా చూపు తగ్గడాన్ని నెమ్మదింపజేసింది గానీ, చూపు పెరిగినవాళ్లు కొద్దిమందే.

సూది వచ్చాక పరిస్థితి మారింది. 2006లో అమెరికాలో అనుమతి పొందిన రానిబిజుమాబ్ అనే సూదిమందు పరీక్షల్లో దాదాపు మూడోవంతు మందికి చార్టులో మూడు వరసలు ఎక్కువ కనిపించాయి. క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్‌ని కూడా కంట్లో వేస్తారు, అది చాలా చవక, చూపు విషయంలో రానిబిజుమాబ్‌కి దీటుగానే పనిచేస్తుందని 2011లో తేలింది. కంట్లో సూది అనగానే నాయన మంచం పట్టుకుని కూర్చున్నాడు. చుక్కలు వేసి తిమ్మిరెక్కిస్తారు, నొప్పి కొద్దిగానే. అసలు కష్టం తిరగడం: మొదట నెలకొకటి చొప్పున మూడు, తర్వాత డాక్టరు చెప్పినట్టు, సింగరాయకొండలో రైలెక్కి చెన్నై పోయి రావడం. చాలామంది రెండు సూదులతోనే ఆపేసి చూపు పోగొట్టుకుంటున్నారు, అదే నాకు బాధ. సూది వేశాక కన్ను ఎర్రబడి నొప్పి పెరుగుతూ చూపు తగ్గితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, అరుదే గానీ ఇన్ఫెక్షన్ కావచ్చు.

కాబట్టి తడి రకానికి నా ఓటు సూదికే. మన ఆసియా వాళ్లలో ఎక్కువగా కనిపించే పాలిపాయిడల్ రకానికి (రక్తనాళాలు బుడగల్లా ఉబ్బేది) మాత్రం సూదితో పాటు చల్లని లేజర్ కూడా కలిపితే కొందరికి మేలు, అదేమైనా ఉందా అని డాక్టర్ని అడగండి.

నాయన ఇప్పుడు పొద్దున్నే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో గోడ క్యాలెండర్ గళ్లు చూస్తాడు. గీత వంకరగా కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయమన్నాను.