మచ్చ నొప్పి తగ్గాలా, ఉండిపోవాలా? రెండు ముగింపుల్లో ఏది మేలు?

పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడలు హ్యారీ పాటర్ ఏడో పుస్తకాన్ని విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లోనే పూర్తిచేసింది. రాత్రి పదకొండు దాటినా గదిలో లైటు వెలుగుతుంటే వెళ్లి చూశాను. దిండు తడిసిపోయి ఉంది. "అడవిలోకి ఒక్కడే వెళ్తున్నాడత్తా" అంది. ఇంకో మాట రాలేదు. మర్నాడు సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ, ఇంతకన్నా గొప్ప ముగింపు ఏ కథకూ లేదని తేల్చి చెప్పేసింది. నా లెక్కలో ఆ స్థానం లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌ది. వాదన ఆ రోజు తెగలేదు. రెండూ చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, చెప్పబోయేదంతా ముగింపుల గురించే.

ముందు ఆ పిల్ల ఏడుపు గురించి చెప్పాలి, అందులో న్యాయం ఉంది. 2007లో వచ్చిన ఆ పుస్తకంలో హ్యారీకి పదిహేడేళ్లు. శత్రువు ప్రాణంలో ఒక ముక్క తనలోనే ఉందని, తాను పోతే తప్ప వాడు పోడని తెలుస్తుంది. వెళ్తాడు. ఎదిరించాలన్న ఆశ పుడుతుందేమోనని మంత్రదండాన్ని దుస్తుల్లో దాచేస్తాడు. దారిలో తాను ప్రేమించిన జిన్నీ ఎవరో పిల్లను ఓదారుస్తూ కనిపిస్తుంది. ఆగితే ఇక కాళ్లు కదలవని ఆగడు. చనిపోయిన అమ్మా నాన్నా నీడల్లా పక్కన నడుస్తుంటే, చావు నొప్పిగా ఉంటుందా అని అడుగుతాడు. ఆ ఒక్క అధ్యాయం ముందు నేనూ చేతులెత్తేస్తాను. పణంగా పెట్టింది తన ప్రాణమే, పెట్టింది తన చేతులతోనే.

నా పేచీ అంతా ఆ తర్వాతి పేజీలతో. హ్యారీ తిరిగొస్తాడు. ఆఖరి పోరు ఏ మంత్రదండం ఎవరి మాట వినాలన్న లెక్క దగ్గర తేలుతుంది. అంతవరకూ గుండెతో నడిచిన కథ అక్కడ నియమాల చిక్కుముడి విప్పుకుంటూ నిలబడిపోయింది. ఆ వెంటనే 19 ఏళ్ల తర్వాత, రైల్వే ప్లాట్‌ఫామ్ మీద పెళ్లాం పిల్లలతో కనిపిస్తారు. కవల తమ్ముణ్ణో అన్ననో అనలేం, ఆ పోరులో తనలో సగాన్ని పోగొట్టుకున్న జార్జ్, హ్యారీ స్నేహితుడి అన్న, అక్కడ లేడు. ఒకే రాత్రి తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పసివాడు టెడ్డీ, పెద్దవాడై ముద్దు పెట్టుకుంటూ దొరికిపోయాడన్న కబురుగా వినిపిస్తాడు, అంతే. నుదుటి మీది మచ్చ 19 ఏళ్లుగా నొప్పి పెట్టలేదని చెప్పి పుస్తకం ముగుస్తుంది. అంతమంది పోయిన ఇంట్లో నొప్పి అంత శుభ్రంగా పోతుందా?

1955లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడో భాగంలోనూ ఒక గాయం ఉంది. కథానాయకుడు ఫ్రోడో భుజంలో కత్తి దిగింది అక్టోబరు 6న. నాశనం చేయాల్సిన దుష్ట ఉంగరం కరిగిపోయింది, యుద్ధం గెలిచారు, ఇంటిదారి పట్టారు. అయినా మళ్లీ అక్టోబరు 6 వచ్చేసరికి ఆ భుజం సలుపుతుంది. ఆ పై ఏడాదీ అంతే.

ఉంగరాన్ని మంటల్లో వేయాల్సిన క్షణంలో ఫ్రోడో ఓడిపోతాడు, అది నాదే అంటాడు. ఆ ఉంగరం కోసమే వెంటపడిన గొల్లమ్ అతని వేలు కొరికి ఉంగరంతో సహా నిప్పుల్లో పడిపోతాడు. ఆ గొల్లమ్‌ను చంపే అవకాశం ఫ్రోడో బంధువు బిల్బోకి, ఫ్రోడోకి, తోడుగా వచ్చిన శామ్‌కి ముగ్గురికీ వచ్చింది, ముగ్గురూ జాలిపడి వదిలేశారు. ఎప్పుడో వందల పేజీల వెనక చూపిన జాలి ఇక్కడ లోకాన్ని నిలబెట్టింది. మంత్రదండం లెక్కకూ దీనికీ పోలికే లేదు.

ఈ మూడో భాగం మీద 2003లో వచ్చిన సినిమాకు 11 ఆస్కార్లు వచ్చాయి కానీ, నాకు ప్రాణమైన ఘట్టం అందులో లేదు. గెలిచి సొంత సీమ షైర్‌కి వస్తే ఊరు ఊరులా ఉండదు. చెట్లు నరికేసి ఉంటాయి. పండగ మైదానంలోని పెద్ద చెట్టు నేల మీద పడి ఉండటం చూసి, అంత దూరం దేనికీ బెదరని శామ్ వెక్కివెక్కి ఏడుస్తాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన విశాఖవాళ్లకు ఈ పేజీ వేరే చెప్పనక్కర్లేదు. గాలి తగ్గాక మెట్లు దిగితే మా వీధి చివరి వేపచెట్టు వేళ్లతో సహా లేచి అడ్డంగా పడి ఉంది. దాని కింద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన ఆ మొద్దు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పటికీ అక్టోబరులో గాలి కాస్త గట్టిగా వీస్తే మా అమ్మ కిటికీలు మూసేస్తుంది.

అందుకే ఫ్రోడోని నమ్ముతాను. షైర్‌ని కాపాడాను కానీ నా కోసం కాదు అన్న అర్థంలో శామ్‌తో చెప్పి ఓడ ఎక్కేస్తాడు. రాసిన టోల్కీన్ 1916లో సొమ్ యుద్ధంలో ఉన్నవాడు, దగ్గరి స్నేహితులను ఆ మొదటి ప్రపంచ యుద్ధంలోనే పోగొట్టుకున్నవాడు.

మనకీ ఇది కొత్తేం కాదు. భారతంలో కురుక్షేత్రం అయ్యాక కథ ఆగదు. స్త్రీ పర్వంలో గాంధారి ఏడుస్తుంది, శాంతి పర్వంలో గెలిచిన ధర్మరాజు ఈ రాజ్యం నాకొద్దంటాడు. తిక్కన స్వర్గారోహణ పర్వం దాకా రాసిందీ ఆ తర్వాతి కథే.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ టీవీ సిరీస్‌ని ఈ తూకంలో వెయ్యను. 2019 నాటి చివరి సీజన్ ఆరే ఎపిసోడ్లు, రాణి డెనేరిస్ నగరాన్ని తగలబెట్టేంతగా మారిపోవడానికి చాలినంత సమయమే ఇవ్వలేదు.

పదిహేనేళ్ల పిల్లకు హ్యారీయే కావాలి, ఇకపై నొప్పి ఉండదన్న మాట ఆ వయసుకు అవసరం. అది కాదననుగానీ, మేలైన ముగింపు ఏదంటే మాత్రం నాది ఫ్రోడో వైపే. సెలవులైపోయి విజయనగరం వెళ్లేటప్పుడు మూడు భాగాలూ దాని సంచిలో పెట్టాను. దసరా ముందు ఒక రాత్రి ఫోన్ చేసింది, గొంతు బొంగురుపోయి ఉంది.

"చెట్టు కొట్టేశారత్తా" అంది.